ట్యాంకు ఖాళీగా ఉంటే తిరుగుతుంది, గాలి ఉంటే మొరాయిస్తుంది

నా దగ్గరున్నది చిన్న ఎయిర్ కంప్రెసర్. 24 లీటర్ల ట్యాంకు, ఆయిల్ పోసే రకం, బెల్టు లేకుండా మోటారుకే పంపు బిగించి ఉంటుంది. కొంతకాలంగా దానితో ఒకటే గొడవ. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే చక్కగా అందుకుంటుంది, ప్రెషర్ 8 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపుకుని ఆగిపోతుంది, అక్కడి వరకు ఏ పేచీ లేదు. గాలి వాడుతూ ఉంటే 6 బార్‌కి దిగాక మళ్లీ తనంతట తాను అందుకోవాలి కదా, అక్కడ మాత్రం మోటారు మ్‌మ్‌మ్ అని మూలుగుతుంది తప్ప కదలదు. కాసేపటికి ఓవర్‌లోడ్ బటన్ ఎగిరిపోతుంది. ట్యాంకంతా ఖాళీ చేసి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టే తిరుగుతుంది.

ఈ లక్షణం చెప్పగానే చాలామంది నోటివెంట వచ్చేది ఒకటే మాట: కండెన్సర్ (మోటారు లేవడానికి ఊతమిచ్చే డబ్బా) పోయింది, మార్చెయ్. అవ్వచ్చు, కాదనను. కానీ ఏదో ఒక పార్టు కొనేసి బిగించి, తగ్గకపోతే ఇంకోటి కొనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే కంప్రెసర్ లాంటి యంత్రంలో గాలి ఎటు పోతోందో, ఎప్పుడు పోతోందో వింటే చాలావరకు జబ్బు అదే చెప్పేస్తుంది. స్పానర్ పట్టుకోవడానికి ముందు చెవులు పెట్టి వినాలి. ఇది రాస్తున్నదే ఆ వినడం గురించి చెబుదామని.

ముందు లోపల జరిగేది కొంచెం చెప్పుకుందాం, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. పిస్టన్ గాలిని నొక్కి పైన హెడ్డులోంచి ఒక పైపు ద్వారా ట్యాంకులోకి పంపుతుంది. ఆ పైపు ట్యాంకుని కలిసే చోట నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది, అందరూ ఎన్‌ఆర్‌వీ అంటారు. ట్యాంకులోకి వెళ్లిన గాలి వెనక్కి రాకుండా ఆపడమే దాని పని. దాని పక్కనుంచి ఒక సన్నటి గొట్టం బయల్దేరి, ట్యాంకులో ప్రెషర్‌ని బట్టి మోటారుని ఆపి మళ్లీ వేసే ప్రెషర్ స్విచ్ కిందికి వెళ్తుంది. స్విచ్ ఆగినప్పుడు అక్కడున్న అన్‌లోడర్ అనే చిన్న పిన్ను నొక్కుకుపోయి, హెడ్డులోనూ పైపులోనూ మిగిలిన గాలిని బయటికి వదిలేస్తుంది. కంప్రెసర్ ఆగగానే "ఫుస్స్" అని ఒకటి రెండు సెకన్లు వినిపించేది అదే. అలా ఎందుకు వదలాలంటే, సింగిల్ ఫేజ్ మోటారుకి నిలబడ్డ చోటునుంచి లేవడమే కష్టం, పైన పిస్టన్ మీద 6 బార్ కూర్చుని ఉంటే ఇక లేవలేదు. హెడ్డు ఖాళీగా ఉంటే ముందు స్పీడు అందుకుని తర్వాత బరువు మోస్తుంది.

కాబట్టి ట్యాంకులో గాలి ఉన్నప్పుడు మాత్రమే మొరాయిస్తోందంటే రెండు దారులున్నాయి. మోటారు బలం తగ్గి ఉండాలి, లేదా దాని మీద ఉండకూడని బరువు ఉండాలి. మొదటిదైతే కండెన్సర్, వోల్టేజి, వైరింగు. రెండోదైతే అన్‌లోడర్, ఎన్‌ఆర్‌వీ.

ఇప్పుడు వినాల్సిన చోటుకి వద్దాం. కంప్రెసర్ నిండి ఆగిన క్షణంలో ప్రెషర్ స్విచ్ దగ్గర చెవి పెట్టండి. ఫుస్స్ అని చిన్నగా వచ్చి ఆగిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టు, లోపం మోటారు వైపు ఉంది. అసలు చప్పుడే రాకపోతే అన్‌లోడర్ పని చెయ్యడం లేదు, పిన్ను ఇరుక్కుపోయింది లేదా ఆ సన్నటి గొట్టం మూసుకుపోయింది. ఆగకుండా స్‌స్‌స్ అని వస్తూనే ఉంటే మాత్రం ఆ గాలి హెడ్డులో మిగిలింది కాదు. హెడ్డులో మిగిలేది ఒక్క గుక్కెడు, అది రెండు సెకన్లలో అయిపోతుంది. వస్తూనే ఉందంటే ట్యాంకులోంచే వెనక్కి వస్తోంది, అంటే ఎన్‌ఆర్‌వీ పట్టడం లేదు. చాలామంది ఈ చప్పుడు విని ప్రెషర్ స్విచ్ లీకవుతోందనుకుని స్విచ్ మార్చేస్తారు. కొత్త స్విచ్ పెట్టినా అదే చోటునుంచి అదే చప్పుడు వస్తుంది, ఎందుకంటే స్విచ్ గాలిని బయటికి వదిలే తలుపు మాత్రమే, గాలి వస్తున్నది వేరే చోటునుంచి.

ఇంకొకటి కూడా ఉంది. యంత్రం తిరుగుతున్నప్పుడు స్విచ్ కింద గాలి పోతుంటే అది అన్‌లోడర్ మూసుకోకపోవడం. ఆగాక పోతుంటే ఎన్‌ఆర్‌వీ. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

నాది ఆగాక ఆగకుండా వచ్చే రకం. మొదట్లో ఆ చప్పుడు సన్నగా ఉండేది, తర్వాత తర్వాత పక్కన రేడియో పెట్టుకున్నా వినపడేంత అయ్యింది. ట్యాంకునుంచి వెనక్కి వచ్చే గాలి ఆ సన్నటి గొట్టం వదలగలిగినదానికన్నా ఎక్కువైతే హెడ్డులో ఎప్పుడూ ఎంతోకొంత ప్రెషర్ మిగిలే ఉంటుంది. పైగా స్విచ్ మళ్లీ పడే క్షణంలో అన్‌లోడర్ మూసుకుంటుంది కదా, అప్పుడు ఆ కాస్త దారి కూడా పోయి పిస్టన్ మీద భారం మొత్తం పడుతుంది. మోటారు మూలిగేది అందుకే.

అయినా కండెన్సర్ కూడా చూశాను, చూడాలి కూడా. బలహీనపడ్డ కండెన్సర్ ఖాళీ ట్యాంకుతో ఎలాగో లాగించేస్తుంది, బరువు పడ్డప్పుడు చేతులెత్తేస్తుంది, అంటే బయటికి కనిపించే లక్షణం అచ్చం ఇదే. ప్లగ్గు తీసేసి, కండెన్సర్ రెండు కొసల్నీ ఒక రెసిస్టర్ ద్వారా కలిపి అందులో మిగిలిన కరెంటు దించేసి, ఒక వైరు విప్పి, మైక్రోఫారడ్ చూపించే మల్టీమీటర్‌తో కొలవాలి. దాని ఒంటి మీద ఎంత రాసి ఉందో, ఎంత తేడా వరకు పర్వాలేదో కూడా రాసే ఉంటుంది, రన్నింగ్ కండెన్సర్లలో మామూలుగా 5 శాతం. ఉబ్బినా, నూనె కారినా కొలవక్కర్లేదు, తీసి పారెయ్యండి. నాది రాసిన అంకెకి దగ్గరగానే ఉంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ షార్ట్ చేసి మెరుపు చూడడం అనే అలవాటు ఒకటుంది, దయచేసి అది మానేయండి. కండెన్సరూ పాడవుతుంది, కళ్లలోకి నిప్పురవ్వ వచ్చే ప్రమాదమూ ఉంది.

మూలుగుతున్న మోటారుని అలాగే వదిలేయకండి. తిరగకుండా నిలబడ్డ మోటారు తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఆ వేడికి వైండింగ్ పూత కాలిపోతుంది. రెండు మూడు సెకన్లలో అందుకోకపోతే వెంటనే ఆపండి. ఓవర్‌లోడ్ బటన్ ఉంది కదా, అది చూసుకుంటుందిలే అని పదే పదే నొక్కుతూ పోతే చిన్న వాల్వుతో పోయేది మోటారు దాకా వస్తుంది.

పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడిపేవాళ్లకి ఈ జబ్బు ఏ పార్టూ పోకుండానే వస్తుంది. సన్నటి వైరు పొడవు పెరిగేకొద్దీ స్టార్టింగులో వోల్టేజి పడిపోతుంది. పని చేసే చోటు దూరమైతే గాలి పైపు పొడిగించుకోండి, కరెంటు వైరు కాదు.

ఇక విప్పడం. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం తొందర పడకండి. ముందు ప్లగ్గు పీకాలి, ఆ తర్వాతే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఈ వరస తారుమారైతే, మీరు గాలి వదులుతుండగా ప్రెషర్ 6 బార్‌కి దిగగానే యంత్రం తనంతట తాను తిరగడం మొదలెడుతుంది, అప్పుడు మీ చెయ్యి ఎక్కడుందో దేవుడికే తెలియాలి. గేజి సున్నా చూపిస్తోంది కదా అని కూడా నమ్మకండి, ముల్లు ఇరుక్కుపోయిన గేజిలు బోలెడు. ట్యాంకు అడుగునున్న డ్రెయిన్ కాక్ (నీళ్లూ గాలీ వదిలే కుళాయి) పూర్తిగా తెరిచి, గాలి ఆగిపోయాక కూడా దాన్ని తెరిచే ఉంచి పని చేసుకోండి. హెడ్డూ పైపూ చల్లబడే దాకా ఆగండి.

ఎన్‌ఆర్‌వీ ఇత్తడి దిమ్మ. కింది మర ట్యాంకులోకి, పై నట్టు హెడ్డు పైపుకి, పక్కన సన్నటి గొట్టం నట్టు. నట్టు విప్పేటప్పుడు ఇంకో స్పానర్‌తో ఆ ఇత్తడి దిమ్మని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే నట్టుతో పాటు అదీ తిరిగి పైపు మెలిపడిపోతుంది, ఒక్కోసారి ఇత్తడి మర దగ్గర చీలుతుంది కూడా. వేడికి ఎండి బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి చొచ్చుకుపోయే నూనె కొద్దిగా వేసి కాసేపు వదిలెయ్యడం మంచిది.

బయటికి తీశాక ఒక సులువైన పరీక్ష. శుభ్రంగా తుడిచి, ట్యాంకు వైపు కొసలో నోటితో ఊదండి. గాలి ఏమాత్రం దాటకూడదు. హెడ్డు పైపు వైపునుంచి ఊదితే దాటాలి. నాది రెండు వైపులనుంచీ హాయిగా దాటింది. ఇక అనుమానమే లేదు.

పైనున్న మూత విప్పితే లోపల ఒక చిన్న స్ప్రింగు, దాని కింద చిటికెన వేలి గోరంత నల్ల బిళ్ల. ఆ బిళ్లే మొత్తం కథ. వెలుగులో పెట్టి చూశాను. ఇత్తడి అంచు రోజూ నొక్కీ నొక్కీ దాని మీద గుండ్రంగా గాడి పడింది. ఆ గాడిలో ఒక పక్కన నల్లటి బొగ్గు పెచ్చు, ఇసక రేణువు కన్నా కాస్త పెద్దది, అతుక్కుపోయి ఉంది. గోటితో గీకితే పెచ్చు వచ్చేసింది కానీ దాని కింద గుంట మిగిలింది. బిళ్ల వంచి చూస్తే వంగలేదు, వేడికి రబ్బరు గుణమంతా పోయి గట్టిపడింది. ఇలాంటి బిళ్లని కొందరు తిరగేసి వేస్తారు, వెనక వైపు నున్నగా ఉంటే కొన్నాళ్లు నడుస్తుంది, అర్జంటు పనికి తప్పు లేదు. ఇత్తడి అంచుని మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి. అక్కడ పడే సన్నటి గీతలే రేపు లీకు దారులు.

నేను వాల్వ్ మొత్తం మార్చేశాను. కొత్తది తెచ్చుకునేటప్పుడు పాతది చేతిలో పెట్టుకునే వెళ్లాలి. మూడు మరలూ కలవాలి, ముఖ్యంగా పక్క గొట్టం సైజు, చూపుకి ఒకేలా ఉండి మర కలవనివి చాలా ఉంటాయి. ట్యాంకులోకి వెళ్లే మరకి టెఫ్లాన్ టేపు చుట్టాలి, మర కొస మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో, మొదటి చుట్టు మర వదిలేసి. ఆ మొదటిది వదలకపోతే టేపు ముక్క తెగి లోపలికి పోయి, సరిగ్గా కొత్త బిళ్ల కిందే కూర్చుంటుంది. పైపు నట్లకి మాత్రం టేపు అక్కర్లేదు. అక్కడ పట్టేది మర కాదు, లోపలి రింగు, టేపు చుడితే అది సరిగా కూర్చోదు.

బిగించాక నింపి చూస్తే, ఆగగానే ఫుస్స్ అని ఒక్కసారి, తర్వాత నిశ్శబ్దం. 6 బార్ దగ్గర మోటారు మూలుగు లేకుండా అందుకుంది. ఆ క్షణం ఎంత సంతోషంగా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

అన్ని జాయింట్ల మీదా సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. రాత్రంతా వదిలేసి పొద్దున్నే గేజి చూసే పద్ధతి కూడా మంచిదే, కానీ ఒక సంగతి తెలియక చాలామంది కంగారు పడతారు. అప్పుడే నిండిన ట్యాంకులో గాలి వెచ్చగా ఉంటుంది, చల్లబడితే ప్రెషర్ దానంతట అదే తగ్గుతుంది. లెక్క వేసి చూడండి: గేజి మీద 8 బార్ అంటే వాతావరణంతో కలిపి 9. లోపలి గాలి 50 డిగ్రీల సెల్సియస్‌నుంచి 30కి దిగిందంటే, కెల్విన్‌లో 323 నుంచి 303కి, ఆ 9 కాస్తా దాదాపు 8.4 అవుతుంది. గేజి మీద 7.4. అంటే ఒక్క బుడగ కూడా లీకవకుండానే అర బార్‌కి పైగా పడిపోయింది. కాబట్టి పూర్తిగా చల్లారాక గేజి చూసి అంకె రాసుకుని, అక్కడినుంచి ఎంత పడిందో లెక్కపెట్టాలి.

ఇంతటితో వాల్వ్ సంగతి అయిపోయింది కానీ నా మనసు ఆ బొగ్గు పెచ్చు మీదే ఉంది. అది ఎక్కడినుంచి వచ్చింది? గాలిని గబుక్కున తొమ్మిదో వంతు ప్రెషర్‌నుంచి పూర్తి ప్రెషర్‌కి నొక్కితే, వేడి ఎక్కడికీ పోకపోతే, 30 డిగ్రీల గాలి 300 దగ్గరికి పోతుంది లెక్క ప్రకారం. నిజంగా అంత రాదు, హెడ్డు రెక్కలు చాలా వేడి లాగేస్తాయి, అయినా ఆ వేడికి పిస్టన్ రింగుల పక్కనుంచి పైకి ఎక్కిన నూనె మాడి బొగ్గవుతుంది. వేడి పెరిగేకొద్దీ బొగ్గు పెరుగుతుంది. వేడి ఎందుకు పెరిగిందో చూద్దామని ఫిల్టర్ తీస్తే రంపపు పొట్టు మెత్తటి బొంతలా పట్టి ఉంది. ఫ్యాను మూత జాలీకి కూడా అదే. ఊపిరాడదు, చల్లగాలీ తగలదు, ఇక వేడెక్కక ఏం చేస్తుంది. ఫిల్టర్ మార్చి, కంప్రెసర్‌ని కోత పని చేసే బల్లకి దూరంగా జరిపాను. వాల్వ్ మార్చి ఇది వదిలేస్తే కొత్త బిళ్లకీ అదే గతి పట్టేది.

నూనె విషయం కూడా ఇందులోనిదే. కంప్రెసర్ ఆయిలే పొయ్యాలి, తయారీదారు పుస్తకంలో చెప్పిన గ్రేడు, చిన్నవాటికి చాలావరకు వీజీ 100 చెబుతారు. బండి ఇంజిన్ ఆయిల్లో మసిని కలుపుకుని తిరిగే మందులుంటాయి, ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కి అవి మేలు చేస్తాయి, ఇక్కడ నూనెకి ఫిల్టరే లేదు, వాల్వుల మీద బొగ్గు పేరుకోవడానికి తోడ్పడతాయి. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు, మార్చెయ్యండి.

మీ జబ్బు ఇది కాకుండా, తిరుగుతూనే ఉంది కానీ ప్రెషర్ ఎక్కడం లేదు అనే రకమైతే దారి వేరు. ముందు సమయం చూడండి. 24 లీటర్ల ట్యాంకు సున్నానుంచి 8 బార్‌కి చేరాలంటే 24 ఇంటూ 8, 192 లీటర్ల బయటి గాలి మింగాలి. నిమిషానికి 96 లీటర్లు నిజంగా ఇచ్చే పంపుకి రెండు నిమిషాలు. లేబుల్ మీద రాసే అంకె చాలాసార్లు పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం, బయటికి వచ్చే గాలి అంతకన్నా బాగా తక్కువే ఉంటుంది. అందుకే యంత్రం బాగున్నప్పుడే ఎంతసేపట్లో నిండుతుందో చూసి ట్యాంకు మీద రాసిపెట్టుకోండి. అదే మీ అసలైన కొలత.

సమయం బాగా పెరిగిందంటే ఫిల్టర్ తీసేసి, యంత్రం తిరుగుతుండగా గాలి పీల్చుకునే రంధ్రానికి అరచెయ్యి దగ్గరగా పెట్టండి. చేతిని లోపలికి లాగాలి, అంతే. లాగడంతో పాటు వెనక్కి ఫట్ ఫట్ అని ఊదుతుంటే లోపలి రీడ్ వాల్వ్ (గాలిని ఒక వైపుకే పోనిచ్చే సన్నటి స్టీలు రేకు) విరిగింది, లేదా హెడ్డు ప్యాకింగ్ రెండు గదుల మధ్య తెగింది. ఊదడం లేదు, లాగడం మాత్రం బలహీనం, హెడ్డు మామూలుకన్నా కాలిపోతోంది అంటే బయటికి పంపే వైపు రీడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు, ఎందుకంటే నొక్కిన వేడి గాలే వెనక్కి వచ్చి మళ్లీ నొక్కించుకుంటోంది. నూనె గది ఊపిరి గొట్టంలోంచి గాలి గట్టిగా కొడుతుంటే రింగులు అరిగాయి. హెడ్డు విప్పాల్సి వస్తే ఆ సన్నటి స్టీలు రేకులు, ప్లేటు, ప్యాకింగు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి, కొత్త ప్యాకింగే వాడండి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

చివరగా ట్యాంకు. మిగతా ఏ పార్టు పోయినా పని ఆగుతుంది, ట్యాంకు పోతే మనిషికి ముప్పు. గాలిలో తేమ లోపల నీరుగా మారి అడుగున చేరుతుంది, తుప్పు లోపలినుంచి తింటుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పని అయిపోయాక ప్రతిసారీ డ్రెయిన్ తెరవండి. వచ్చే నీళ్లు ఎర్రగా, తుప్పు పొరలతో ఉంటే జాగ్రత్త పడండి. అడుగున ఎక్కడైనా సూదంత చిల్లు పడి గాలి వస్తోందంటే ఆ ట్యాంకు అయిపోయినట్టే. దాని మీద వెల్డింగు పెట్టించడం, ఎమ్‌సీల్ రాయడం రెండూ వద్దు, చిల్లు పడ్డ చోటు చుట్టూ రేకు అప్పటికే పల్చబడి ఉంటుంది. ట్యాంకు బలం తెలుసుకోవాలంటే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, గాలితో కాదు. నీరు దాదాపు నొక్కుకుపోదు కాబట్టి చీలినా కారిపోతుంది, గాలి అయితే పేలుతుంది.

ప్రెషర్ హద్దు దాటితే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వ్ రింగు అప్పుడప్పుడు లాగి చూడండి, గాలి కొట్టి మళ్లీ మూసుకోవాలి. అది కారుతోందని బోల్టు బిగించి మూసేసిన కంప్రెసర్లు నేను చూశాను. అలాంటిది ఎవరిదైనా మీ కంటపడితే ప్లగ్గు పీకించి, కొత్త వాల్వ్ పెట్టించాకే కదలండి. ట్యాంకు ప్లేటు మీద రాసిన ప్రెషర్‌కి మించనిదే పెట్టాలి.